నైకియా

మా అమ్మమ్మకి అమ్మమ్మ బతాసియా. పుట్టినప్పుడు బతాసా చక్కెర బిళ్ళలా తెల్లగా, గుప్పెడంత ఉందని మేనత్త ఆ పేరు పెట్టిందట. బలియా జిల్లాలో గంగ ఒడ్డున ఏదో ఊరు. ఆ ఊరి పేరు మాలో ఎవరికీ తెలీదు. మా దీవిలో ఊరు అడిగే అలవాటు లేదు, దఫా అడుగుతారు. ఏ దఫా అంటే ఏ నేరానికి శిక్షపడి నల్లనీళ్ళు దాటి ఈ కాలాపానీకొచ్చావని. బతాసియాది మూడువందల రెండు. హత్య. చంపింది తన కడుపున పుట్టిన ఆడపిల్లని, పుట్టిన పూటే.

చంపింది ఆమె కాదు. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను. ఆమె బతికుండగా దీన్ని నమ్మిన మనిషి ఒక్కతే, ఆ ఒక్కతీ సగమే నమ్మింది.

బతాసియాకి పద్నాలుగేళ్ళప్పుడు మొగుడు కలరాతో పోయాడు. పుట్టింటికి తెచ్చి, గాజులు పగలగొట్టి, పశువుల కొట్టం పక్కన చాప వేశారు. పంతొమ్మిదో ఏట కడుపొచ్చింది. ఎవరివల్లనో ఆమె చచ్చేదాకా చెప్పలేదు. తండ్రి మంచం పట్టి ఉన్నాడు, ఇల్లు నడిపేది తమ్ముడు రామ్‌దహిన్. దహిన్ అంటే కుడి. వాడిది ఎడమచేతివాటం. పేరులో కుడి, పనిలో ఎడమ అని ఊరంతా వాణ్ణి ఆటపట్టించేది. పుట్టుకతో వచ్చిన చిన్న నవ్వులాట, దాన్ని కూడా వాడు పరువు కింద లెక్కేసుకుని కుమిలేవాడు. అలాంటివాడి ఇంట్లో విధవ అక్క కన్నది.

పొద్దున్న అందరూ గోధుమ కోతకి పోయాక కొట్టంలో కాన్పయింది. రామ్‌దహిన్ మధ్యలో తిరిగొచ్చాడు. పొయ్యి మీద పాలు పొంగేంతసేపు కూడా పట్టలేదు. పిల్లని పేడకుప్ప వెనక పాతేశాడు. సరిగ్గా పాతలేదు. మూడోరోజు కుక్కలు లాగాయి, చౌకీదారు వచ్చాడు. అప్పుడు ఆ మొనగాడు అక్క కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాడు.

“నన్ను ఉరి తీస్తారక్కా. ఆడదాన్ని తియ్యరు, దీవులకి పంపుతారు, అంతే. నేను పోతే నాన్నకి నిప్పు పెట్టేవాడు కూడా ఉండడు. నువ్వు తిరిగొచ్చిన రోజున ఈ ఇల్లు నీదే, నా మీద ఒట్టు.”

కచేరీలో ఆమె, నేనే చేశాను అంది. తమ్ముడి మెడకి తన మెడ అడ్డం పెట్టింది. ఆ ఒట్టుని ఇరవై ఏళ్ళు కొంగున కట్టుకుని తిరిగింది.

ఇదంతా ఆమె కలకత్తా నుంచి వచ్చే ఓడలో, వాంతుల మధ్య, ఉమ్దా అనే లక్నో ఆవిడకి చెప్పుకుంది. ఉమ్దా మొగుడి అన్నంలో ఉమ్మెత్త కలిపిందని శిక్షపడింది. తను చెయ్యలేదని ఉమ్దా ఓడలో అందరికీ చెప్పింది, సరంగుకి కూడా. బతాసియా మాట తను సగం నమ్మింది. ఓడ దిగేలోపు ఇద్దరూ అక్కాచెల్లెళ్ళయ్యారు.

ఆడజైలులో కొత్తవాళ్ళు వచ్చిన రోజు పాతవాళ్ళకి పండగ. మెడలో చెక్క బిళ్ళ తగిలించి లోపలికి తోలగానే చుట్టూ చేరి, ఏం చేశావే అని అడిగేవాళ్ళు. ముందు ఉమ్దా వంతు వచ్చింది. నేను చెయ్యలేదు అంది. బారకంతా గొల్లుమంది. ఇంకో నైకియా వచ్చిందర్రా అని ఒకామె తిరగలి పిడి మీద దరువేసింది. హిందుస్తానీలో నై కియా అంటే చెయ్యలేదని, ఆ మాట అనేవాళ్ళని అలా వెక్కిరించేవాళ్ళు. నైకియాకి కిటికీ దూరం, తిరగలి బరువు, పప్పులో నీళ్ళు ఎక్కువ. ఉమ్దాకి ఆ పేరు చచ్చేదాకా ఊడలేదు.

తర్వాత బతాసియా వంతు. ఉమ్దా ముఖం ఒకసారి చూసింది. చేశాను అంది. నవ్వులు ఆగిపోయాయి. గడ్డం మీద పచ్చబొట్టున్న ముసలామె జరిగి తన పక్కన చోటిచ్చింది.

ఇక్కడొక సంగతి చెప్పాలి, ఇది మా వాళ్ళ బుద్ధి. దీవి నిండా హంతకులే, దొంగలే. ఎవర్ని కదిపినా చెయ్యలేదంటారు. అందుకని ఆ మాట ఎవరు అన్నా అబద్ధమే అని తీర్మానించుకున్నారు. చేశాను అన్నవాడే నిజాయితీపరుడు. పొలంలో పాలికాపుని పెట్టుకోవాలన్నా, పిల్లనివ్వాలన్నా, చేతిబదులు ఇవ్వాలన్నా, ముందు చేశాను అన్నాడా లేదా అని చూసేవాళ్ళు.

అయిదేళ్ళు నూలు వడికి, బట్ట నేసి, మంచిగా ఉందనిపించుకున్న ఆడదానికి పెళ్ళి చేసుకునే వీలుండేది. పొలం, గుడిసె సంపాదించుకున్న మగ ఖైదీలు నెలకొకసారి వచ్చి జైలు ముంగిట్లో నిలబడేవాళ్ళు. ఆడవాళ్ళు ఎదురుగా వరసలో. మగవాడు నడుచుకుంటూ పోయి ఒకరి ముందు ఆగేవాడు. ఆమె తలూపితే సరే, ఊపకపోతే తర్వాతామె. సంతలో గేదెల్ని చూసినట్టే, కాకపోతే పళ్ళు చూసేవాళ్ళు కాదు.

జగేసర్ బతాసియా ముందు ఆగాడు. ఛప్రా వైపు మనిషి, బండరాయిలా ఉండేవాడు. ఆమే ముందు అడిగింది, ఏం చేశావని. గట్టు దగ్గర దాయాదిని గొడ్డలితో కొట్టాను, వాడు చచ్చాడు అన్నాడు. తర్వాత అతను అడిగాడు.

“నువ్వు? నైకియావైతే ఇప్పుడే చెప్పు. అబద్ధాలాడే దాంతో నేను కాపురం చెయ్యలేను.”

ఆ ఒక్క క్షణం ఆమె నిజం చెప్పి ఉండాల్సింది అని మా అమ్మమ్మ అనేది. చెప్తే అతను పక్కామె దగ్గరికి జరిగేవాడు, అంతే. కానీ ఆమెకి ఆ గోడల్లోంచి బయటపడటం కావాలి. చేశాను అంది. జైలు వాకిట్లో నలుగురి ముందు, పిల్లని చంపినదాన్నని ఒప్పుకుని పెళ్ళికూతురయింది.

గారాచరామా అనే ఊళ్ళో కాపురం. పసుపు, చెరకు, వెదురు తడికెల ఇల్లు. మొదటి ఇద్దరు మగపిల్లలు జ్వరాలకి పోయారు. మూడోది ఆడపిల్ల, బతికింది. సోన్‌మతి అని పేరు పెట్టారు. జగేసర్ ఊరంతా బెల్లం పంచాడు. ఆ ఊళ్ళో ఆడపిల్ల పుడితే పేడకుప్ప వెనక పాతారు, ఈ దీవిలో బెల్లం పంచారు. ప్రేమ అనుకోకండి. పదిమంది మగాళ్ళకి ఒక ఆడది కూడా లేని చోట కూతురంటే పెరట్లో ఈనబోయే పాడిగేదె.

సోన్‌మతి చురుకైన పిల్ల. ఆ ఊరి పిల్లలందరూ హంతకుల పిల్లలే కనుక వాళ్ళ ఆటలూ అలాగే ఉండేవి. కచేరీ ఆట ఒకటి ఉండేది. ఒకరు జడ్జీ, ఒకరు ఖైదీ. ఖైదీ చెయ్యలేదు అంటే అందరూ కలిసి నైకియా నైకియా అని వీపు మోత మోగించేవాళ్ళు. చేశాను అంటే వదిలేసేవాళ్ళు. సోన్‌మతి ఎప్పుడూ జడ్జీ.

ఇరవై ఏళ్ళు గొడవల్లేకుండా గడిపిన ఆడదాన్ని వదిలిపెట్టేవాళ్ళు. మగవాళ్ళకి ఇంకా ఎక్కువ. బతాసియాకి విడుదల కాగితం వచ్చేసరికి జగేసర్‌కి ఇంకా అయిదేళ్ళు మిగిలి ఉన్నాయి, సోన్‌మతికి పన్నెండు నడుస్తోంది. అప్పటికే జగేసర్ పిల్లని మహంగూకి ఇస్తానని మాటిచ్చాడు. మహంగూకి యాభై దాటాయి, ఒక కన్ను తెల్లగా పూసింది, పాలిచ్చే గేదెలు రెండున్నాయి. ఆ గేదెలు జగేసర్ పెరట్లోకి వస్తాయి, పిల్ల మహంగూ ఇంట్లోకి పోతుంది. బేరం అది. పైగా మహంగూ మొదటి పెళ్ళాన్ని చంపే ఇక్కడికొచ్చాడు. దాన్ని కూడా జగేసర్ మంచి లక్షణం కింద చెప్పాడు. వాడు ఒప్పుకున్నాడే, నైకియా కాదు అన్నాడు.

బతాసియా విడుదల కాగితాన్ని మడిచి రవికెలో పెట్టుకుంది. ఓడ పదిహేను రోజుల్లో వస్తుంది, పిల్లని తీసుకుని మా తమ్ముడింటికి పోతాను అంది. వాడు నాకు ఒట్టేశాడు, పిల్లకి ఈడైన సంబంధం వాడే చూస్తాడు అని కూడా అంది. దీవిలో పుట్టిన పిల్లలు ఖైదీలు కారు కనుక వాళ్ళు తల్లితో వెళ్ళొచ్చు. మొగుడు కాదంటే కచేరీలో సాహెబు పిల్లనే అడుగుతాడు, ఎవరితో ఉంటావని. అంటే అంతా సోన్‌మతి నోట్లో ఉంది. బతాసియాకి బెంగ లేదు. ముసలాడి దగ్గరికి పోతానని ఏ పిల్ల అంటుంది?

జగేసర్ కొట్టలేదు, అరవలేదు. పసుపు కళ్ళంలో కూతురితో కలిసి కొమ్ములు విరుస్తూ మామూలుగా చెప్పాడు.

“మీ అమ్మకి ఆ ఊళ్ళో నీకన్నా ముందొక ఆడపిల్ల ఉండేది. అదేమైందో అడుగు. అడిగాక ఓడెక్కాలనుంటే ఎక్కు, నేను అడ్డం రాను.”

అతను అబద్ధమేమీ ఆడలేదు. తనకి తెలిసిందే చెప్పాడు. ఆమే చెప్పింది కదా.

సోన్‌మతి చేతుల పసుపు కూడా కడుక్కోకుండా ఇంటికొచ్చింది. బతాసియా చేపలు ఎండబెడుతోంది.

“నాకు ముందొక పిల్ల ఉండేదా?”

ఉండేది అంది తల్లి.

“ఏం చేశావ్ దాన్ని?”

బతాసియా చేతిలో చేప జాడీలో పడింది. ఇరవై ఏళ్ళ నుంచి కుడీ ఎడమా చేశాను, చేశాను అని చెప్పుకుంటూ వచ్చిన నోటికి ఆ రెండో మాట అలవాటు తప్పిపోయింది.

“నేను చెయ్యలేదమ్మా.”

సోన్‌మతి రెండడుగులు వెనక్కి వేసింది. నైకియా అంది. వెక్కిరింతకి కాదు, భయపడి అంది. ఆ పిల్ల పుట్టినప్పటి నుంచి విన్న ఆ మాటకి ఒకటే అర్థం, చెయ్యలేదని చేసినవాళ్ళే అంటారు.

అప్పుడు బతాసియా అంతా చెప్పింది. కొట్టం, గోధుమ కోత, తమ్ముడు, పేడకుప్ప. తమ్ముడు పట్టుకున్న కాళ్ళు చూపించింది. ఓడలో ఉమ్దాకి తప్ప ఇంకెవరికీ చెప్పలేదంది, ఉమ్దాని అడగమంది. సోన్‌మతి కదలకుండా వింది. జడ్జీగా ఆరితేరిన పిల్ల. అంతా విన్నాక ఒక్క ప్రశ్న వేసింది.

“నువ్వు చంపలేదు, మామ చంపాడు. మరి నన్ను మామ ఇంటికే ఎందుకు తీసుకుపోతానంటున్నావ్?”

ఇరవై ఏళ్ళలో బతాసియాకి ఆ సంగతి ఒక్కసారి కూడా తట్టలేదు. ఆ ఇల్లు నీదే అన్న మాట తప్ప ఇంకేదీ చూసుకోలేదు. వంగి జాడీలో పడ్డ చేప తీసింది. ఆ పిల్లకి అదే సమాధానమైపోయింది. అమ్మది నిజమైతే చంపేవాడి ఇంటికి తీసుకుపోతోంది. అబద్ధమైతే చంపిందే తీసుకుపోతోంది. ఎటుచూసినా ఆ ఊళ్ళో పేడకుప్పే.

రాస్ దీవి కచేరీకి పడవలో ముగ్గురూ కలిసే వెళ్ళారు. దారిలో జగేసర్ కూతురికి వేరుశెనగలు కొనిపెట్టాడు. సాహెబు కాగితాల మీంచి తలెత్తకుండా మున్షీకి ఏదో చెప్పాడు. ఎవరితో ఉంటావే పిల్లా అని మున్షీ అడిగాడు. నాన్నతో అంది. ఇంకోసారి అడిగాడు. నాన్నతోనే అంది. బతాసియా వైపు తిరిగి, నీ ఓడ శుక్రవారం, మూట సర్దుకో అన్నాడు.

వెళ్ళనంది. ఇక్కడే ఉంటానని కాగితం రాయించమంది. మున్షీకి నవ్వాగలేదు.

“ఇరవై ఏళ్ళలో పారిపోదామని చూసినోళ్ళు ఎంతోమంది వచ్చారు. పొమ్మంటే పోనని ఏడ్చినదానివి నువ్వే. ఇక్కడ తిండికంత రుచి మరిగావా ఏంటి?”

ఏడవలేదని మా అమ్మమ్మ గట్టిగా చెప్పేది. వేలిముద్ర వేసి పడవెక్కిందట.

ఆ నెలలోనే పెళ్ళి. గేదెలు రెండూ జగేసర్ పెరట్లోకి వచ్చాయి. సోన్‌మతి రెండుసార్లు ఇంటికి పారిపోయొచ్చింది. రెండోసారి వీపు మీద చెరకుగడ వాతలున్నాయి. జగేసర్ ఒక గుమ్మడికాయ నెత్తిన పెట్టి, మీ ఆయనకి కూర వండిపెట్టు అని వెనక్కి పంపాడు. వెళ్తూ పిల్ల తల్లి వైపు చూసింది. ఆ చూపులో ఏముందో నేను కల్పించి రాయను, అది ఎవరూ చెప్పలేదు. బతాసియా మాత్రం మర్నాటి నుంచి మహంగూ ఇంటికి ఎడ్లకోసం గడ్డి మోయడం మొదలుపెట్టింది. ఎవరూ రమ్మనలేదు. పొద్దున్నే కొడవలితో కోసి, మోపు కట్టి, అతని దొడ్లో పడేసి, కూతురు కనిపిస్తే చూసి, లేకపోతే లేదు, తిరిగొచ్చేది. అత్తగారు పశువులా పనిచేస్తోంది, మేపు కూడా అక్కర్లేదు అని మహంగూ కల్లు దుకాణంలో చెప్పుకుని నవ్వేవాడు.

నాలుగేళ్ళ తర్వాత సోన్‌మతికి ఆడపిల్ల పుట్టింది. ఆ పిల్లే మా అమ్మమ్మ ఫుల్మతి. మహంగూ బెల్లం పంచాడు, ఎందుకో మీకు తెలుసు. కాన్పుకి సోన్‌మతి పొరుగామెని పిలుచుకుంది, తల్లిని పిలవలేదు. పిల్ల పుట్టాక గడ్డిమోపు గడప బయటే దించమంది. తను నూతికి వెళ్తే పిల్లని నడుముకి కట్టుకుని వెళ్ళేది. బతాసియా తడికె అవతల కూర్చుని పిల్ల ఏడుపు వినేది. ఏడుపు ఆగితే లేచి పోయేది.

ఆ వానాకాలం బతాసియాకి చలిజ్వరం పట్టింది. కాళ్ళు వాచాయి, ముఖం మసిబారింది. అయినా మోపు మానలేదు. ఒకరోజు మధ్యాహ్నం మోపు దించి అక్కడే కూలబడింది. మహంగూ చేనికి పోయాడు. ఒక్కసారి పిల్లని ఒళ్ళో పెట్టు, ఎక్కువ రోజులు అడగనులే అంది. సోన్‌మతి పిల్లని గుండెకి అదుముకుని గుమ్మంలో నిలబడింది.

“ముందు నిజం చెప్పు. ఈసారి నైకియా మాటలొద్దు.”

బతాసియా ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత పిల్ల కాళ్ళ వైపు చూసింది.

“చేశాను” అంది.

“ఎలా చేశావ్?”

అది కూడా చెప్పింది. దాచకుండా, తడుముకోకుండా, కళ్ళముందు జరిగినట్టు చెప్పింది. కుడిచేత్తో తల వెనక పట్టుకున్నాను, ఎడమచేత్తో గొంతు నొక్కాను, రెండుసార్లు కాళ్ళాడించింది, అంతే. పేడకుప్ప వెనక పాతాను. లోతుగా తియ్యలేదు, భయమేసింది.

సోన్‌మతి వింటూ నిలబడింది. ఆమె ముఖం మెల్లగా తేటపడిందట. అమ్మ ఇన్నాళ్ళకి నిజం చెప్పింది. నిజం చెప్పిన మనిషిని నమ్మొచ్చు. ఆమె పెరిగిన ఊళ్ళో అందరూ అలాగే నమ్మేవాళ్ళు. వచ్చి ఎదురుగా మోకాలికి మోకాలు ఆనించి కూర్చుని, పిల్లని తల్లి ఒళ్ళో పెట్టింది. పెట్టి, పిల్ల కాలు మాత్రం ఒకటి తన గుప్పిట్లోనే ఉంచుకుంది.

అలా నాలుగుసార్లు ఎత్తుకుంది. అయిదోసారికి గడ్డిమోపు రాలేదు. జగేసర్‌కి మరుసటి ఏడు విడుదల వచ్చింది. గేదెలు అమ్ముకుని ఛప్రా వెళ్ళిపోయాడు, వెనక్కి ఉత్తరం ముక్క రాయలేదు.

ఉమ్దా ముసలిదై బయటికొచ్చి ఏబర్డీన్ బజార్లో తమలపాకులు అమ్మేది. మా అమ్మమ్మకి పదిహేడేళ్ళప్పుడు ఆమె దగ్గర ఆకులు కొంటూ మాటల్లో, ఓడలో బతాసియా చెప్పిన కథంతా విన్నది. పరిగెత్తుకుంటూ ఇంటికొచ్చి సోన్‌మతికి చెప్పింది. సోన్‌మతి అప్పటికి విధవ, కత్తిపీట ముందు కూర్చుని చేప కోస్తోంది.

“ఉమ్దా పేరే నైకియా. దాని మాటకేం గాని, ఉప్పందుకో” అంది.

ముక్కలన్నీ కోసింది, కడిగింది. కడిగి ఉప్పూ పసుపూ రాస్తూ, ఆ మామకి ఎడమచేతివాటమని ఉమ్దా చెప్పిందా, నువ్వు కలిపావా అని అడిగింది. ఉమ్దాయే చెప్పింది, పేరులో కుడి పనిలో ఎడమ అని ఊరంతా నవ్వేదట అని చెప్పింది మా అమ్మమ్మ.

సోన్‌మతి రాసే చెయ్యి ఆగింది. ఎడమచెయ్యి తిప్పి చూసుకుంది.

“మా అమ్మ కొడవలి కూడా కుడిచేత్తోనే పట్టేది. ఆ రోజు ఎడమచేత్తో గొంతు నొక్కానంటే నాకెందుకు తట్టలేదే?”

“నీకప్పుడు పదహారేళ్ళే కదమ్మా.”

“పన్నెండేళ్ళప్పుడు మాత్రం అన్నీ తట్టాయి” అంది సోన్‌మతి.